రెండవ మోటారు సైకిలు

మొదటి మోటారు సైకిలును ఏరికోరి ఎంచుకునేవారు అరుదు. తండ్రిగారు ఉద్యోగ విరమణ తరువాత కొడుక్కి అప్పగించినదో, అన్నగారు బదిలీ మీద వెళుతూ విడిచిపెట్టినదో, పక్క క్వార్టరువారు చౌకగా అమ్మినదో ఏదో ఒకటి చేతికి వస్తుంది. దాని మీదే పడి లేచి నేర్చుకోవడం జరుగుతుంది. రెండవ బండి సంగతి అలా కాదు. దానిని మనిషి తన సంపాదనతో, తన ఇష్టప్రకారం కొనుక్కుంటాడు. అప్పటికి ఏడాదో, ఏడాదిన్నరో నడిపిన అనుభవం ఉంటుంది. ఆ అనుభవం మీద ఉండవలసిన దానికంటె ఎక్కువ నమ్మకమూ ఉంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైలు వల్ల పుట్టి పెరిగిన ఊరు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికోసం వచ్చిన తెలుగువారు ఇక్కడి రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ముందుగా వినిపించిన పేరు ఈ పట్టణానిదే. అటువంటి కుటుంబంలో పుట్టి, రైల్వే కార్ఖానాలో ఉద్యోగం దొరికి, తండ్రి ఇచ్చిన 100 సి.సి. బండి మీద డ్యూటీకి వెళుతున్న యువకునికి రెండవ బండి కొనాలన్న ఆలోచన రావడం సహజం. అతని ఎదుట ఉన్న ప్రశ్న దేశంలోని ఏ చిన్న పట్టణపు యువకునికైనా వర్తించేదే.

రెండు దారుల మధ్య

ఖరగ్‌పూర్ యువకుని ఎదుట రెండు దారులు ఉంటాయి. ఒకటి ఇంటి నుంచి కార్ఖానాకు, కార్ఖానా నుంచి గోల్‌బజారుకు, బజారు నుంచి మళ్లీ ఇంటికి పోయే దారి. సైకిళ్లు, రిక్షాలు, ఆటోలు, అడ్డంగా నడిచే ఆవులు, వానాకాలంలో రోడ్డు మీదికి కొట్టుకువచ్చే ఎర్ర కంకరమట్టి — ఇదీ దాని స్వరూపం. రెండవది ఊరి పక్కనుంచే సాగిపోయే 16వ నంబరు జాతీయ రహదారి. బాలాసోర్, కటక్, భువనేశ్వర్, బరంపురం, ఇచ్ఛాపురం మీదుగా అది నేరుగా శ్రీకాకుళం చేరుతుంది. సంక్రాంతికి కొత్త బండి మీద సొంత ఊళ్లో దిగాలన్న కోరిక ఆ రోడ్డును చూసినప్పుడల్లా రెక్కలు విప్పుతుంది. పెద్ద బండి మీద మనసు పోయేది ఆ రహదారి కోసమే.

కాని లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. రోజుకు పది కిలోమీటర్ల చొప్పున ఏడాదికి మూడువందల రోజులు తిరిగితే మూడువేల కిలోమీటర్లు అవుతుంది. సంక్రాంతి ప్రయాణం రానూ పోనూ కలిసి పదమూడు వందలకు అటూ ఇటూ. అదైనా ప్రతి ఏడూ సాగుతుందన్న హామీ లేదు. పైగా రైల్వే ఉద్యోగికి ఆ ప్రయాణానికి పాసు ఉండనే ఉన్నది! మూడువందల రోజుల పనికి పనికివచ్చేదాన్ని వదలి, నాలుగు రోజుల ముచ్చటకోసం బండిని ఎంచుకుంటే మిగిలిన రోజులన్నీ క్లచ్చి నొక్కీ నొక్కీ చెయ్యి నొప్పి పుట్టడమే ఫలితం.

ఈ పట్టణపు యువకులకు ఒక ఆదర్శం ఉన్నది. 2001 నుంచి 2003 వరకు ఖరగ్‌పూర్‌లో రైల్వే టికెట్ ఎగ్జామినరుగా పనిచేసిన మహేంద్రసింగ్ ధోనీ తరువాత భారత క్రికెట్ జట్టుకు నాయకుడైనాడు. మోటారు సైకిళ్ల మీద ఆయనకున్న మక్కువ లోకవిదితం. అయితే ఎన్నో బండ్లు ఉన్నవారు ఒక్కొక్క దారికి ఒక్కొక్క బండిని తీయగలరు. ఒక్కటే ఉన్నవాడు అన్ని దారులకూ సరిపడేదాన్ని చూసుకోవాలి.

మళ్లీ కొత్తవాడే

అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదాలను ఘటనా స్థలాలకే వెళ్లి పరిశీలించింది. 1981లో వెలువడిన ఆ నివేదికలో, రెండవ బండి కొనేవారు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటున్నది. ప్రమాదాలలో చిక్కుకున్నవారికి సగటున దాదాపు మూడేళ్లు రోడ్డు మీద నడిపిన అనుభవం ఉన్నది. కాని వారిలో సగానికి పైగా, ప్రమాదం జరిగిన ఆ బండిని నడపడం మొదలుపెట్టి ఐదు నెలలైనా కాలేదు.

దీని భావం స్పష్టం. అనుభవం మనిషితో వస్తుంది గాని పూర్తిగా రాదు. పాత బండి బ్రేకును ఎంత నొక్కితే ఎంతలో ఆగేదో కాలికీ చేతికీ తెలుసు. కొత్త బండి విషయంలో అవి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ప్రమాదాన్ని గుర్తించిన తరువాత తప్పించుకోవడానికి దొరికే వ్యవధి సాధారణంగా రెండు సెకన్లకు మించదని కూడా ఆ నివేదికే తెలిపింది. ఆ రెండు సెకన్లలో ఆలోచనకు తావు లేదు. అలవాటు ఒక్కటే పనిచేస్తుంది.

మన దేశంలో ఈ హెచ్చరికకు విలువ మరింత ఎక్కువ. 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ప్రయాణించినవారే.

కొన్ని దేశాలలో చట్టమే యువకుని చెయ్యి పట్టుకుని మెట్టుమెట్టుగా నడిపిస్తుంది. జపానులో 125, 400 సి.సి.ల వద్ద లైసెన్సుకు వేర్వేరు అంతస్తులు ఉన్నాయి. ఐరోపా దేశాలలోనూ బండి శక్తిని బట్టి లైసెన్సు తరగతులు మారుతాయి. మన దేశంలో గేర్లున్న మోటారు సైకిలుకు లైసెన్సు ఒక్కటే. 100 సి.సి. బండి మీద పరీక్ష నెగ్గినవాడు మరునాడే 650 సి.సి. బండి ఎక్కినా అడిగేవారు లేరు. చట్టం కట్టని ఆనకట్టను మనిషి తానే కట్టుకోవాలి.

సి.సి. వేరు, శక్తి వేరు

సి.సి. పెరిగినకొద్దీ బండి శక్తి పెరుగుతుందని సామాన్యంగా అనుకుంటారు. ఇది సగమే నిజం. 349 సి.సి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ శక్తి సుమారు 20 హార్స్‌పవర్. అంతకంటె చాలా చిన్నదైన 200 సి.సి. కె.టి.ఎం. డ్యూక్ శక్తి సుమారు 25. మొదటిది బరువైనదే గాని నిదానంగా లాగుతుంది. రెండవది తేలికైనదే గాని మణికట్టు కొంచెం తిరిగితే చాలు, ముందుకు దూకుతుంది. కొత్తవానికి బరువు ఒక రకమైన పరీక్ష, దూకుడు మరొక రకమైన పరీక్ష. తాను ఏ పరీక్షకు కూర్చుంటున్నదీ ముందే తెలుసుకోవడం మంచిది.

2025 సెప్టెంబరు 22న 350 సి.సి. వరకు బండ్ల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు మించిన వాటి మీద 40 శాతమైంది. దానితో 350 సి.సి. బండ్లు అనేకమందికి అందుబాటులోకి వచ్చాయి. అయితే అది పన్ను గీసిన గీత మాత్రమే. నడిపేవాని నేర్పుకు గీసిన గీత కాదు.

వేగం సంగతి కూడా లెక్కలోనే చూడవచ్చు. పొడి రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి, ప్రమాదాన్ని చూసి బ్రేకు పట్టడానికి పట్టే ఒక సెకనుతో కలిపి, 21 మీటర్లలో ఆగుతుందనుకుంటే, అదే బ్రేకుతో 80 కిలోమీటర్ల వేగంలో సుమారు 62 మీటర్లు కావాలి. వేగం రెండింతలైతే దూరం దాదాపు మూడింతలైంది. తడి ఎర్రమట్టి మీద ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి.

అందువల్ల శక్తికంటె ముందు బ్రేకును చూడాలి. 125 సి.సి.కి మించిన బండ్లకు, చక్రం బిగుసుకుపోయి జారకుండా కాపాడే ఎ.బి.ఎస్. ఏర్పాటును 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. 100 సి.సి. నుంచి ఒక మెట్టు పైకి ఎక్కడానికి ఇది బలమైన కారణం. ఆ మెట్టు 150, 160 సి.సి.ల వద్దనే దొరుకుతుంది.

చేతికి అందే బరువు

షోరూములో మెత్తని సీటు మీద కూర్చుని చూసినంతమాత్రాన బండి బరువు తెలియదు. ఇంజను ఆపి, హ్యాండిలు పట్టుకుని, వెనక్కి పది అడుగులు నెట్టి చూడాలి. స్టాండు మీదికి ఎత్తి చూడాలి. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయో లేదో గమనించాలి. స్ప్లెండర్ వంటి బండి 112 కిలోలు ఉంటే క్లాసిక్ 195 కిలోలు ఉంటుంది. రైల్వే క్వార్టరు వరండాలో నుంచి మెట్టు దింపి, సన్నని గేటులో తిప్పి, రాత్రి డ్యూటీ ముగిసి వచ్చాక మళ్లీ ఎక్కించవలసినప్పుడు ఈ 83 కిలోల తేడా ప్రతిరోజూ గుర్తుకు వస్తుంది. భార్యను, బిడ్డను, బజారు సంచిని ఎక్కించుకున్నాక మరీ గుర్తుకు వస్తుంది.

పాత బండి, పొరుగు రాష్ట్రం

పాత బండి కొనదలచినవారికి ఖరగ్‌పూర్‌లో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. శ్రీకాకుళంలో మేనమామగారో, బావగారో మంచి బండిని తక్కువ ధరకు ఇస్తానంటారు. బంధువు బండి గనుక నమ్మకానికి లోటుండదు. కాని ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడ తిరిగి రిజిస్టరు చేయించుకోవాలి. అందుకు అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి. ఈ ఖర్చు, తిరుగుడు కలుపుకున్న తరువాత కూడా ధర చౌకేనా అని చూసుకోవాలి. బండి మీద అప్పు ఉన్నదేమో రిజిస్ట్రేషను పుస్తకంలో చూసుకోవడం, పేరు మార్పిడితోపాటు బీమాను కూడా తన పేరిట మార్పించుకోవడం బంధువుల మధ్యనైనా తప్పనివి.

1996లో తయారీ నిలిచిపోయిన యమహా ఆర్.ఎక్స్.100 మీద తెలుగు యువకుల మోజు నేటికీ తగ్గలేదు. దాని చప్పుడు మధురమే కావచ్చు. దాని బ్రేకులు మాత్రం ఆనాటి డ్రమ్ము బ్రేకులు. అటువంటిది రెండవ బండిగా గాక, తీరిక, డబ్బు ఉన్నప్పుడు మూడవ బండిగా ఉంచుకోదగినది.

మొదటి ఐదు నెలలు

ధరలో కొంత భాగాన్ని ముందే పక్కన పెట్టాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న రెండు హెల్మెట్లు, ఒకటి నడిపేవారికి, ఒకటి వెనుక కూర్చునేవారికి, బండితోపాటే కొనాలి. నెలసరి వాయిదా ఎంత అన్నదానికంటె, వాయిదా, పెట్రోలు, బీమా కలిపి జీతంలో ఎంత పోతుందన్నది ముఖ్యం. పాత బండి బీమా మీద క్లెయిము లేనందుకు లభించిన రాయితీ బండిది కాదు, యజమానిది. దానిని కొత్త బండికి మార్చుకోవచ్చునన్న సంగతి చాలామంది మరచిపోతారు.

బండి ఇంటికి వచ్చిన తరువాత ఐదు నెలలపాటు కొత్తవానివలె నడపడమే వివేకం. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ముందు బ్రేకును మెల్లగా, తరువాత గట్టిగా పట్టి, బండి స్వభావం తెలుసుకోవాలి. మొదటి వారాలలో ఒంటరిగా, ఆపైన భార్యతో, చేయి కుదిరాక రాత్రివేళ, అన్నిటికంటె చివర రహదారి మీద — ఈ వరుస తప్పకూడదు. వీలైతే పాత బండిని ఒక నెల అమ్మకుండా ఉంచుకోవడం మేలు. కాలవైశాఖి గాలివానలో డ్యూటీకి బయలుదేరవలసిన సాయంత్రం చెయ్యి దానంతట అది ఏ తాళంచెవి వైపు పోతుందో ఆ నెలలో తేలిపోతుంది. కొత్తదాని వైపు పోయిననాడు పాతదాన్ని నిశ్చింతగా అమ్మవచ్చు.