కర్మము లేని క్రియ

"విందెట్లుండెను?" అని ఆంగ్లమున నడిగినవారికి మన బాలికలు "ఐ ఎంజాయ్డ్" అని బదులు చెప్పినచో, వాక్యమున కర్మము లేదని నవ్వువారు పెక్కుమంది కలరు. నవ్వులపాలైన బాలిక మరల నోరు విప్పుటకు జంకును. కావున ఈ తప్పు ఎక్కడినుండి వచ్చినదో ఈ మాసమున విచారింపదలచితిమి.

క్రియాఫలము కర్తకంటె వేరైన దానియందు చేరినచో ఆ క్రియ సకర్మకము. కర్తయందే నిలిచినచో అకర్మకము. వండుట మొదటిది, నిద్రించుట రెండవది. అయినను సకర్మక క్రియయు నొక్కొక్కప్పుడు కర్మమును విడుచును. అందులకు భర్తృహరి వాక్యపదీయమున నాలుగు కారణములు చెప్పెను: ధాతువునకు వేరర్థము కలుగుట, కర్మము ధాత్వర్థముననే ఇమిడియుండుట, అది లోకప్రసిద్ధమగుట, వక్త దానిని చెప్పగోరకుండుట.

ఆంగ్లమునను ఇట్టివి కానవచ్చును. "హీ డ్రింక్స్" అన్నచో, మన "వాడు త్రాగును" అన్న మాటవలెనే, మద్యమని ఎల్లరకు తెలియును. ఇది ప్రసిద్ధి. "షీ ఈజ్ రీడింగ్" అనునపుడు ఏ పుస్తకమో చెప్పుట వక్త యుద్దేశము గాదు.

భేద మెక్కడ ననగా, తెలుగున కర్మము సందర్భమువలన తెలిసినచో చాలును, విడువవచ్చును. "పాలు తెచ్చితివా?" అన్నచో "తెచ్చితిని" అనుట నిండు వాక్యమే. ఆంగ్లమున ఈ స్వాతంత్ర్యము అన్ని క్రియలకును లేదు. తినుట యను నర్థము గల 'ఈట్' కర్మమును విడుచును. ఆత్రముగా మ్రింగుట యను నర్థము గల 'డివౌర్' విడువదు. 'బ్రింగ్', 'లైక్', 'ఎంజాయ్' అనువానికి, తెలిసిన కర్మమైనను, 'ఇట్' అని చేర్చి "ఐ బ్రాట్ ఇట్", "ఐ ఎంజాయ్డ్ ఇట్" అనవలయును. వడ్డించువారు "ఎంజాయ్!" అని ఊరకే పలుకుట నేడు ఆంగ్లేయుల వాడుకలో కలదు. కాని అది చనువుతో పలుకు విధ్యర్థకము. పరీక్షాపత్రమున "ఐ ఎంజాయ్డ్" అని వ్రాయుటకు సాక్ష్యము గాదు.

కావున ఈ తప్పు బుద్ధిమాంద్యమువలన గాక, తల్లిభాష యలవాటువలన కలిగినది. బిడ్డలచేత ఇట్టి క్రియలను ఒంటిగా గాక "బ్రింగ్ ఇట్", "లైక్ ఇట్" అని జంటగా వల్లెవేయింపుడు. ఆంగ్లము రాని తల్లియైనను, బిడ్డ పలికిన వాక్యమునకు తెలుగున అర్థము చెప్పించుకొని, "దేనిని?" అని యడుగవచ్చును. ఆ ప్రశ్నకు బిడ్డ చెప్పు బదులే వాక్యమున లోపించిన పదము. పరిహసించిన దానికంటె ఈ చిన్న ప్రశ్న మేలైన గురువు.