స్పాన్సరు అంటే యజమాని కాదు

మా అన్నయ్య కూతురు ఎం.ఎస్. చదవడానికి అమెరికా వస్తానన్నప్పుడు మా ఇంట్లో చర్చ ఆ పిల్ల చదువు గురించి జరగలేదు. "చెల్లాయ్, నీ ఇంట్లో ఉంటుందంటేనే పంపిస్తాను. లేకపోతే ఇక్కడే ఏదో సంబంధం చూస్తాను" అన్నాడు అన్నయ్య. అంతకు మూడేళ్ళ ముందు కొడుకును పంపినప్పుడు ఈ షరతు లేదు. పొలం తాకట్టు పెట్టి, నలుగురు కుర్రాళ్ళు అద్దెకుంటున్న అపార్టుమెంటుకు పంపేశారు. ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంది. అయినా పిల్ల చదువుకుంటే చాలుననుకుని ఊరుకున్నాను.

2022లో నేనే స్పాన్సరుగా సంతకం పెట్టాను. నా జీతం, బ్యాంకు నిల్వ చూపిస్తూ ఐ-134 ఫారం నింపి ఇచ్చాను. యూనివర్సిటీ ఐ-20 పంపింది, హైదరాబాదు కాన్సులేటులో వీసా వచ్చింది. ఆగస్టులో మేనకోడలు మా ఇంటికి చేరింది.

ఆ తర్వాత నేనేం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. జాగ్రత్తగా ఉంటాయని ఆమె పాస్‌పోర్టు, ఐ-20 నా కాగితాల పెట్టెలో పెట్టాను. సాయంత్రాలు మా పాపను చూసుకోమన్నాను. డే కేర్ ఖర్చు సగానికి తగ్గింది. వంట, గిన్నెలు సరేసరి. అద్దె తీసుకోవడం లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అన్నయ్య ఫోను చేసి "ఎవరితో తిరుగుతోందో కాస్త కనిపెట్టు" అంటే కనిపెట్టాను కూడా. మర్నాడు పరీక్ష ఉండగా ఒక రాత్రి పాపను నిద్రపుచ్చుతూ, "అత్తయ్యా, నా వీసా దేనికిచ్చారు? చదువుకేనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇదే పని ఒక అత్తగారు కోడలి చేత చేయిస్తే నేనెంత ఆవేశపడి ఉండేదాన్నో!

స్పాన్సరు సంతకానికి అర్థం ఏమిటి? ఐ-134లో మనం ఇచ్చే మాట డబ్బుకు సంబంధించింది. ఆ పిల్ల మీద పెత్తనం ఇచ్చే వాక్యం అందులో ఒక్కటీ లేదు. పైగా ఎఫ్-1 విద్యార్థి తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. మొదటి విద్యాసంవత్సరంలో క్యాంపస్ బయట ఉద్యోగం చేయనే కూడదు. తిండికీ గదికీ బదులుగా చేసిన చాకిరీని ఉద్యోగంగా లెక్కగడితే విద్యార్థి హోదా పోయేది ఆమెకు. నాకేం పోతుంది? బలవంతంగా చాకిరీ చేయించుకోవడానికి పాస్‌పోర్టు దాచడం 2000 నాటి చట్టం ప్రకారం అక్కడ నేరం. నేను బలవంతపెట్టలేదు, నిజమే. కానీ పాస్‌పోర్టు నా పెట్టెలో ఉన్నాక వేరే బలవంతం అవసరమా?

"ఇంత చేసినందుకు ఆ మాత్రం సాయం చేయకూడదా?" అంటారు కొందరు. చేయవచ్చు. ఇంట్లో మనిషిగా నాలుగు గిన్నెలు కడగడం వేరు, కాదనడానికి వీల్లేని పని వేరు. ఆమె అన్న సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు పాపను చూసుకోమని నేనెప్పుడూ అడగలేదు. స్త్రీల హక్కుల గురించి మాట్లాడే నాకు ఆ సంగతి తట్టనేలేదు.

మర్నాడే ఆమె కాగితాలు ఆమెకిచ్చేశాను. పాపకు డే కేర్ వేళలు పెంచాం. రెండో సెమిస్టరుకు ఆమె ఇద్దరు స్నేహితురాళ్ళతో క్యాంపస్ దగ్గరికి మారింది. ఒప్పుకున్న డబ్బు మాత్రం ఆపలేదు. ఆ సంగతి అన్నయ్యకు నేనే చెప్పాను. నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. 2024లో ఆమె చదువు పూర్తయింది.

మన ఆడపిల్లల కోసం సంతకం పెట్టే అత్తలూ, పిన్నులూ, అక్కలూ ముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి. ఎంత డబ్బు ఇస్తాం? అది అప్పా, సాయమా? పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా ఆమె చేతిలోనే ఉంటాయా? వేరే ఉంటానంటే మనం డబ్బు ఆపుతామా? ఇవన్నీ వీసా రాకముందే మాట్లాడుకోవాలి. వచ్చాక ఆమెకు అడిగే ధైర్యం ఉండదు, మనకు వినే ఓపిక ఉండదు.