ఓడితే ఏం పోతుంది?

ఎదురుగా ఓ రాక్షసుడు. వాణ్ని ఓడించాలి. కత్తి దూయక్కర్లేదు, బాణం వేయక్కర్లేదు. పలక మీదున్న బొమ్మల్లో ఒకేలాంటివి మూడింటిని వరసలోకి తెస్తే చాలు!

చిన్నపిల్లల ఆటలా ఉంది కదూ? కానీ పెద్దవాళ్లను కూడా గంటల తరబడి కూర్చోబెట్టింది. 2007లో నింటెండో డీఎస్, సోనీ పీఎస్‌పీలకు వచ్చిన ఈ వీడియోగేమ్ పేరు ‘పజిల్ క్వెస్ట్: ఛాలెంజ్ ఆఫ్ ది వార్‌లార్డ్స్’. రూపకర్త ఆస్ట్రేలియాకు చెందిన స్టీవ్ ఫాక్నర్. కోటలూ సైన్యాలతో సాగే ‘వార్‌లార్డ్స్’ ఆటలతో అంతకుముందే పేరు తెచ్చుకున్నారాయన.

మూడు కలిపే ఆట అప్పటికి కొత్తేమీ కాదు. 1994లో రష్యాలో ‘షరికి’ వచ్చింది. 2001లో పాప్‌క్యాప్ సంస్థ ‘బెజ్యువెల్డ్’తో ఆ సరదాను ప్రపంచమంతా పంచింది. అయితే వాటిలో కథ లేదు, శత్రువు లేడు. ఫాక్నర్ ఆ రెండూ తెచ్చి కలిపారు. ఎథీరియా అనే ఊహాలోకం, దాన్ని కబళించాలని చూసే లార్డ్ బేన్, ఎదిరించే వీరుడిగా మనం... అదీ కథ.

ఒకే పలక, ఇద్దరు ఆటగాళ్లు

పలక మీద చదరంగంలో ఉన్నట్టే 64 గళ్లు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం రాళ్లు కలిపితే మంత్రాలకు కావలసిన శక్తి వస్తుంది. నాణేలు కలిపితే బంగారం, ఊదారంగు నక్షత్రాలు కలిపితే అనుభవం. పుర్రెలు మూడు కలిశాయా... ఎదుటివాడికి దెబ్బే!

అసలు కిటుకు వేరే ఉంది. పలక మనొక్కరిది కాదు, శత్రువుదీ అదే. మనం ఎత్తు వేశాక మిగిలింది అతనికి అవకాశం. అందుకే ముందు వెనకలు చూడకుండా ఓ రాయి జరిపితే, పైనుంచి దిగిన పుర్రెలు అతనికే కలిసిరావచ్చు. నాలుగు కలిపితే ఇంకో ఎత్తు అదనం. పల్లెటూరి అరుగుల మీద దాడి ఆట ఆడినవాళ్లకు ఈ జాగ్రత్త కొత్తగా చెప్పక్కర్లేదు. మూడు పావులు వరసలో పెట్టడం ఎంత ముఖ్యమో, ఎదుటివాణ్ని పెట్టనివ్వకపోవడమూ అంతే ముఖ్యం.

పైనుంచి పడే రాళ్లు కంప్యూటర్‌కే కలిసొస్తుంటే ఆడేవాళ్లకు ఒళ్లు మండేది. ‘ఇది మోసం చేస్తోంది’ అన్న ఫిర్యాదులు చాలానే వచ్చాయి. అలాంటిదేమీ లేదన్నది ఫాక్నర్ జవాబు. నిజానికి మనకు కలిసొచ్చిన రాళ్లు మన తెలివిగానూ, అవతలివాడికి కలిసొచ్చినవి అన్యాయంగానూ గుర్తుంటాయి!

ప్రాణం విలువ అరగంట

ఇంతకీ ఈ ఆటలో ఓడితే ఏం పోతుంది? పెద్దగా ఏమీ పోదు. పోరులో సంపాదించిన బంగారం, అనుభవం మన దగ్గరే ఉంటాయి. మళ్లీ వెంటనే దిగొచ్చు. ఒకసారి డబ్బు పెట్టి కొన్నాక ఎన్నిసార్లు ఓడినా అడిగేవాడు లేడు.

2012లో వచ్చిన ‘క్యాండీ క్రష్ సాగా’ దగ్గరకొచ్చేసరికి లెక్క మారింది. ఆట ఉచితం. కానీ ఉండేవి ఐదు ప్రాణాలు. ఓడితే ఒకటి పోతుంది, అది తిరిగి రావాలంటే అరగంట ఆగాలి. ఆగలేనివాళ్లు స్నేహితులను అడగాలి, లేదా డబ్బు కట్టాలి. అంటే అక్కడ అమ్ముతున్నది మిఠాయి కాదు, మన అసహనం!

ఫాక్నర్ బృందం కూడా ఈ గాలికి ఎదురీదలేకపోయింది. 2014లో తెచ్చిన ‘జెమ్స్ ఆఫ్ వార్’, 2022లో విడుదల చేసిన ‘పజిల్ క్వెస్ట్ 3’... రెండూ ఉచితంగా మొదలై, లోపల కొనుగోళ్లు పెట్టుకున్నవే.

మూడు రాళ్లు కలపడంలోని సరదా అన్నిట్లోనూ ఒకటే. తేడా అంతా ఓటమి దగ్గరే ఉంది. ఒక ఆట ‘ఇంకోసారి ప్రయత్నించు’ అంటుంది. ఇంకోటి ‘ఇంకాస్త చెల్లించు’ అంటుంది. కాబట్టి ఫోన్‌లో కొత్త ఆట దింపుకునేటప్పుడు గెలిస్తే ఏమొస్తుందో చూడకండి. ఓడితే ఏం పోతుందో చూడండి. ముఖ్యంగా ఆ ఫోన్ పిల్లల చేతికి ఇచ్చేముందు!