రందికి బలం గోళీలు

కాశిబుగ్గ మీదుగా ఎనుమాముల మార్కెట్టుకు పత్తి, మిర్చి తెచ్చే రైతు బస్తాలతోపాటు మనసు నిండా రందిని కూడా మోసుకొస్తాడు. ధర ఎంత పలుకుతుందో తెలియదు, తేమ పేరుతో ఎంత కోత పడుతుందో తెలియదు. నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. దీనికి పల్లెల్లో పెట్టిన పేరు "నరాల బలహీనత". ఆ పేరు పెట్టగానే మందు కూడా నిర్ణయమైపోతుంది. మెడికల్ షాపులో బలం గోళీలో, అశ్వగంధ డబ్బానో, పేరూ చిరునామా లేని పొడి పొట్లమో కొంటారు.

కొనేవారిని తప్పుపట్టి లాభం లేదు. పెద్ద డాక్టరు ఫీజు, పరీక్షల ఖర్చుతో పోలిస్తే గోళీ చవక. మనసు బాగాలేదని చెప్పుకుంటే ఊళ్ళో పిచ్చి అని ముద్ర వేస్తారన్న భయం ఒకటి. చెట్టు మందే కదా, హాని ఏముంటుందన్న ధీమా మరొకటి. ఈ ధీమా సంగతే ఆలోచించవలసి ఉంది.

చెట్టు మందు కూడా మందే. సర్పగంధ వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే మందు తీశారు. రక్తపోటుకు ప్రపంచమంతటా వాడారు. దాన్ని వాడిన కొందరిలో దిగులు ఎక్కువైందని ఆనాటి వైద్యులే రాశారు. ఇప్పుడు అందరి నోటా వినిపించే అశ్వగంధను, అంటే మన పెన్నేరును చూసినా అంతే. కొద్దిమందిపై కొద్దివారాలు జరిపిన పరీక్షల్లో ఆందోళన, నిద్రలేమి కొంత తగ్గినట్టు కనిపించిన మాట నిజమే. ఏళ్ళ తరబడి మింగితే ఏమవుతుందో ఆ పరీక్షలు చెప్పవు. అది వాడిన కొందరికి కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన కేసులు మన దేశంలోనూ నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. మనం అంతదూరం పోనక్కరలేదు గాని, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా, ఒళ్ళంతా దురద పెట్టినా వెంటనే మానేసి ఆసుపత్రికి పోవాలి. గర్భిణులు దాని జోలికి పోరాదు. షుగరు, బీపీ, థైరాయిడ్, నిద్ర మాత్రలు వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టరాదు.

థైరాయిడ్ విషయంలో ఒక చిక్కుంది. ఆ గ్రంథి అతిగా పనిచేస్తే గుండెదడ, వణుకు, చెమటలు, గాబరా వస్తాయి. అచ్చం రంది లాగే ఉంటుంది. అశ్వగంధ థైరాయిడ్‌ను ఇంకా పెంచగలదు. రోగం ఏమిటో తెలియక తిన్న మందు ఆ రోగాన్నే మేపుతుందన్నమాట.

విటమిన్ల సంగతీ చూడాలి. అప్పు వల్ల వచ్చిన రందిని ఏ విటమినూ తీర్చదు. అయితే శరీరంలో బీ12 తగ్గితే తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు రావచ్చు. మాంసం, గుడ్లు, పాలు ముట్టనివారికి, షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికి ఈ లోపం ఎక్కువ. ఆడవారిలో గుండెదడకు రక్తహీనత కారణం కావచ్చు. రెంటినీ రక్తపరీక్ష పట్టిస్తుంది. పరీక్ష లేకుండా పెద్ద మోతాదు బీ6 గోళీలు నెలల తరబడి మింగితే కాళ్ళు మొద్దుబారతాయి. నరాల కోసం తిన్న గోళీ నరాలనే చెడగొట్టడం విచిత్రమే. 60,000 యూనిట్ల విటమిన్ డి గోళీ సాధారణంగా వారానికి ఒకటే రాస్తారు. రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులై, కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంది. ఈ ఒక్కమాట కొనేవాడికి చెప్పడానికి దుకాణదారుకు అరనిమిషం చాలు.

అన్నింటికన్నా భయపడవలసింది పేరులేని పొట్లానికి. వేసుకున్న రాత్రే మత్తుగా నిద్ర పట్టిందంటే సంతోషించడం కాదు, సందేహించాలి. కల్లులో కలిపే ఆల్ప్రాజోలం వంటి మత్తుమందు ఏం చేస్తుందో తెలంగాణ 2015లో చూసింది. కల్తీ కల్లును కట్టడి చేయగానే దానికి అలవాటుపడ్డవారు వణుకుతూ, మతి తప్పి ఆసుపత్రులకు చేరారు. ఇలాంటివాటికి అలవాటుపడ్డవారు ఒక్కసారిగా మానకుండా, డాక్టరు సలహాతో మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.

నరాల బలహీనత నయం చేస్తామని ప్రకటనలు వేయడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా ఆ మాట గోడల మీద నుంచి సెల్‌ఫోన్లలోకి పాకింది. డబ్బా మీద ఆహార లైసెన్సు నంబరు ఉంటే అది ఆహారమని అర్థం, జబ్బు తగ్గిస్తుందని కాదు. తనిఖీ చేయవలసిన అధికారులు ఈ తేడాను గట్టిగా అమలుచేయాలి.

దారి లేక కాదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. ఆయుర్వేదమే కావాలనుకునేవారికి నగరంలోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ఇంట్లో వాడే డబ్బాలు, పొట్లాలు అన్నీ సంచిలో వేసుకుపోయి చూపించడం మేలు. 2022 నుంచి 14416 నంబరుకు ఎప్పుడు ఫోన్ చేసినా, పైసా ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడవచ్చు. 1997-98లో పత్తికి పురుగు పట్టినప్పుడు ఈ జిల్లాలో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. బతుకు మీద విరక్తి కలిగినవారి చేతిలో పెట్టవలసింది ఈ నంబరు, గోళీల షీటు కాదు.

మిర్చి సీజనులో రైతులు బస్తాలు కాస్తూ రాత్రి యార్డులోనే పడుకుంటారు. వారానికి ఒక సాయంత్రమైనా అక్కడికి ఒక డాక్టరును, బీపీ, రక్తపరీక్షలు చేసే ఒక నర్సును పంపడానికి వైద్యశాఖకు, మార్కెట్ కమిటీకి కొత్త భవనం అక్కరలేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు.