కూలి పోకుండా పరీక్ష జరగాలి

కరువు రోజుల్లో రొమ్ము క్యాన్సర్ పరీక్షలకు ఖర్చు దండగనీ, మామోగ్రామ్ యంత్రాలు లేనిదే అవి పనికిరావనీ మీ పత్రిక పాఠకుడొకరు రాశారు. నేను ఒప్పుకోను. ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు లక్షన్నర మంది మహిళలతో అధ్యయనం చేశారు. వారిలో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తోనే తడిమి చూశారు. యాభై దాటినవారిలో ఈ జబ్బు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో అంత ఫలితం కనిపించలేదన్నదీ నిజమే. అయినా మొత్తమ్మీద జబ్బు ముదరకముందే బయటపడింది.

ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ పథకంలో చికిత్స ఉచితమే, కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా అంటారు. కానీ రొమ్ములో గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు. కర్నూలు జిల్లా కోసిగి నుంచి గుంటూరు మిరప కోతలకు పోయే ఆడమనిషి నొప్పిలేని గడ్డ కోసం ఒకరోజు కూలి, బస్సు చార్జీ ఎందుకు వదులుకుంటుంది? 30–49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు దేశంలో నూటికి ఒక్కరు కూడా లేరని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కర్నూలు, కడప జిల్లాల అధికారులకు నా మనవి ఒక్కటే: వలస బండ్లు కదలకముందే, కూలీలు ఇంటికొచ్చే సాయంత్రం వేళ, ఏఎన్ఎమ్‌లతో ఊళ్లోనే ఈ పరీక్షలు చేయించండి.

— ఒక పాఠకురాలు, ఆదోని