అప్పు పుట్టాలంటే ముందు కాగితం పుట్టాలి

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది, గుర్తుందా? ముందురోజు రాత్రే లాక్‌డౌన్ అని ప్రకటించారు. ఉన్నవాటితోనే ఎలాగో ఉగాది పచ్చడి చేసుకుని మనం పండగ అయిందనిపించాం. కానీ ఆ పండగ కోసమే అప్పుచేసి మామిడికాయలు, అరటిపళ్లు, బంతిపూలు దింపుకున్నవాళ్ల గతేమిటి? వీధిలో కేకేసే కూరగాయల బండి, సందు మలుపులో ఇడ్లీలు వేసే ఆవిడ, గుడిముందు పూలబుట్ట, అన్నీ ఒక్కరోజులో ఆగిపోయాయి. సరుకు కుళ్లింది, పెట్టుబడి పోయింది, అప్పు మాత్రం నిలిచింది.

ఆ ఏడాది చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం సాయం ప్రకటించిందని మనమంతా విన్నాం. లక్షల కోట్లన్నారు. మరి మీకు తెలిసిన టిఫిన్ బండి ఆవిడకు అందిందా? పక్కింట్లో జాకెట్లు కుట్టే ఆవిడకో? ఒకరికి అందింది, ఇంకొకరికి అందలేదు. కష్టం ఇద్దరిదీ ఒకటే. తేడా ఎక్కడొచ్చిందో తెలుసుకుంటే రేపు మనకు పనికొస్తుంది. ఎందుకంటే మీలో చాలామంది ఇంట్లోనే వ్యాపారం చేస్తున్నారు. కాకపోతే దాన్ని వ్యాపారమని మీరే అనుకోవడం లేదు!

వచ్చిన సాయం ఏమిటి?

బండ్లమీద, బుట్టల్లో పెట్టి అమ్ముకునేవాళ్ల కోసం 2020 జూన్ 1న కేంద్రం పీఎం స్వనిధి పథకాన్ని మొదలుపెట్టింది. పది వేల రూపాయల వరకు అప్పు, ఏడాదిలో నెలవారీ వాయిదాల్లో తీర్చాలి. బంగారం కుదువ పెట్టక్కర్లేదు, ఆస్తి చూపించక్కర్లేదు. సక్రమంగా తీరిస్తే రెండోసారి 20 వేలు, మూడోసారి 50 వేలు. వాయిదాలు తప్పనివారికి వడ్డీలో 7 శాతం ప్రభుత్వమే మూడు నెలలకోసారి వారి ఖాతాలో తిరిగి వేస్తుంది. ఫోనులో డబ్బు తీసుకుంటే నెలకు వంద రూపాయల దాకా ప్రోత్సాహకం అదనం.

డ్వాక్రా గ్రూపుల వంటి స్వయం సహాయక సంఘాలకు హామీ లేకుండా ఇచ్చే అప్పు పరిమితిని 2020 మార్చిలో 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచారు. ముద్ర పథకంలో 50 వేల లోపు 'శిశు' రుణాలు సక్రమంగా కడుతున్నవారికి ఏడాదిపాటు 2 శాతం వడ్డీ తగ్గించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో జగనన్న తోడు పేరుతో చిరువ్యాపారులకు పది వేల రూపాయల సున్నా వడ్డీ రుణాలిచ్చారు.

రూపాయి వడ్డీ లెక్క

శాతాలు మనకెందుకు, మన భాషలో చెప్పుకుందాం. బ్యాంకు ఏడాదికి 12 శాతం వడ్డీ వేసిందనుకోండి. అంటే నూటికి నెలకు రూపాయి వడ్డీ. అందులో 7 శాతం ప్రభుత్వం తిరిగి ఇచ్చిందంటే దాదాపు అరవై పైసలు వెనక్కి వచ్చినట్టే. మీకు పడేది నలభై పైసల వడ్డీ. పదివేలు తీసుకుని నెలకు సుమారు 890 రూపాయల చొప్పున పన్నెండు నెలలు కడితే మొత్తం వడ్డీ 660 రూపాయల పైచిలుకు. ప్రభుత్వం ఇచ్చేది పోగా మీకు మిగిలే భారం మూడు వందల లోపే.

ఇప్పుడు రోజువారీ ఫైనాన్స్ చూడండి. పదివేల అప్పుకు ముందే వెయ్యి పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వందరోజులు కట్టాలి. రోజుకు వందేగా అనిపిస్తుంది! కానీ ఆ తొమ్మిది వేలూ ఏడాది పొడుగునా తిప్పుకోవాలంటే మూడుసార్లకు పైగా అప్పు తీసుకోవాలి, ప్రతిసారీ వెయ్యి సమర్పించుకోవాలి. అంటే ఏడాదికి మూడువేల ఐదొందల దాకా. మూడొందలకూ మూడువేల ఐదొందలకూ ఉన్న తేడాతో పిల్లకు బడి పుస్తకాలు వస్తాయా, రావా?

అమ్మకమే లేనప్పుడు అప్పెందుకు?

ఇలా అడిగినవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. బేరం లేని రోజుల్లో అప్పు తీసుకుంటే అది కడుపులోకే పోతుంది, వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. తిండికి అప్పు సాయం కాదు. తిండికోసం ఉచిత రేషన్, జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్లకు మూడు నెలలపాటు నెలకు 500 వేరుగా ఇచ్చారు. అవి ఎంతమాత్రం సరిపోయాయన్నది ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. అప్పు పనికొచ్చేది వీధులు తెరుచుకున్నాక, మళ్లీ బోణీ చేయడానికి కావలసిన సరుకు కోసం.

వాయిదాల విషయంలోనూ ఇలాంటి పొరపాటే చాలా ఇళ్లల్లో జరిగింది. 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు ఆరు నెలలు బ్యాంకు వాయిదాలు కట్టకపోయినా ఫరవాలేదని రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. దాన్ని చాలామంది మాఫీ అనుకున్నారు. కాదు, వాయిదా ఆగింది కానీ వడ్డీ ఆగలేదు. రెండు కోట్ల లోపు అప్పులపై ఆ ఆరు నెలల వడ్డీమీద పడిన వడ్డీని మాత్రం ప్రభుత్వం భరించింది. అసలు వడ్డీ మనదే. 'ఇప్పుడు కట్టక్కర్లేదు' అన్న మాటకూ, 'ఇక కట్టక్కర్లేదు' అన్న మాటకూ ఎంత తేడా ఉందో చూశారా!

ఎవరికి అందింది?

అసలు విషయానికి వద్దాం. స్వనిధి అప్పు కావాలంటే 2020 మార్చి 24 నాటికి, అంటే ఆ ఉగాది ముందురోజుకే, వ్యాపారం చేస్తూ ఉండాలన్నారు. ఇరవై ఏళ్లుగా అదే మలుపులో ఇడ్లీలు వేస్తున్నా, ఆ మాట రుజువు చేసేదెలా? మునిసిపాలిటీ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉన్నవారికి పని సులువైంది. లేనివారికి మునిసిపాలిటీ నుంచి సిఫారసు ఉత్తరం కావాల్సివచ్చింది. దానికి తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకుంటే చాలు, విచారించి 15 రోజుల్లో తేల్చాలన్నది నియమం. ఈ ముక్క తెలిసినవాళ్లు అర్జీ పెట్టారు. తెలియనివాళ్లు 'కార్డు లేదమ్మా' అనుకుని ఫైనాన్స్ దగ్గరికే వెళ్లారు.

దుకాణాలు, చిన్న కర్మాగారాల సంగతీ అంతే. 2020 మేలో ప్రకటించిన మూడు లక్షల కోట్ల అత్యవసర రుణ హామీ పథకంలో, ఆ ఏడాది ఫిబ్రవరి 29 నాటికి ఉన్న పాత బాకీలో 20 శాతం మేరకు కొత్త అప్పు ఇచ్చారు. బ్యాంకుకు ఐదు లక్షలు బాకీ ఉన్న వ్యాపారికి ఇంకో లక్ష అన్నమాట. పూచీ ప్రభుత్వానిది. బాగానే ఉంది, కానీ బ్యాంకు గడపే ఎక్కని వ్యాపారికి పాత బాకీ ఎక్కడిది? సున్నాలో 20 శాతం సున్నాయే కదా! ఆ పథకం 2023 మార్చి 31తో ముగిసింది.

అమెరికాలో మనవాళ్లు నడిపే దుకాణాలకూ ఇదే నీతి వర్తించింది. అక్కడ 2020 ఏప్రిల్‌లో మొదలైన జీతాల రక్షణ పథకంలో నియమం ప్రకారం ఎక్కువభాగం సిబ్బంది జీతాలకే ఖర్చుపెట్టినవారికి అప్పు మాఫీ చేశారు. కానీ ఆ జీతాలకు లెక్కలు చూపించాలి. ఏ దేశంలోనైనా సాయం కాగితం వెంటే నడిచిందన్నమాట.

మీ ఇంటి వ్యాపారం సంగతి

వేసవిలో ఆవకాయ పెట్టి పది ఇళ్లకు అమ్ముతారు. సంక్రాంతికి అరిసెలు, జంతికలు ఆర్డర్లమీద చేస్తారు. చీరలకు ఫాల్స్ కుడతారు. 'ఏదో చేతిఖర్చులకు' అంటారు. ఆ చేతిఖర్చుతోనే కొన్ని ఇళ్లు లాక్‌డౌన్‌ను గట్టెక్కాయి. కానీ పద్దు లేదు, ఖాతా లేదు, పేరు లేదు. కష్టం వస్తే 'నేనూ వ్యాపారినే' అని చెప్పుకునే దారి లేదు. కొన్నిచోట్ల వ్యాపారం ఆవిడది, కాగితాలన్నీ ఆయన పేరున. అప్పు వస్తే ఆయన ఖాతాలోనే పడుతుంది. అందుకే ఈ నాలుగు పనులూ ఇప్పుడే చేసుకోండి.

ఒకటి: మీ పేరున బ్యాంకు ఖాతా ఉండాలి. అమ్మకం డబ్బు దాంట్లోంచే తిరగాలి. పోపులడబ్బాలో దాచుకున్నది మీకు ధైర్యం, బ్యాంకులో తిరిగింది మీకు సాక్ష్యం.

రెండు: మీ ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు జతచేసి ఉందో చూసుకోండి. పాత నంబరో, దూరంగా ఉన్న అబ్బాయి నంబరో ఉంటే ఓటీపీ మీకు రాదు, దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

మూడు: వ్యాపారం నమోదు చేయించుకోండి. 2020 జూలై 1 నుంచి వచ్చిన ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. జీఎస్టీ పరిధిలోకి రాని అతి చిన్న వ్యాపారాల కోసం 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ మొదలైంది. మీ బ్యాంకులో అడగండి. నమోదుకు ఫీజంటూ ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. పచ్చళ్లు, పిండివంటలు అమ్మేవారు ఆహార భద్రత సంస్థ నమోదు కూడా చేయించుకోవాలి. బండిమీదో బుట్టలోనో అమ్మేవారైతే మునిసిపాలిటీలో వీధి వ్యాపారి కార్డుకు దరఖాస్తు పెట్టండి.

నాలుగు: రెండు రూళ్లు గీసిన నోటుపుస్తకం. ఒకపక్క కొన్నది, ఒకపక్క అమ్మింది. చాకలిపద్దు, పాలపద్దు రాసే చేతికి ఇదేమంత పెద్ద పని!

ఇప్పటికీ దారి ఉంది

స్వనిధి లాక్‌డౌన్‌తోనే అయిపోలేదు. 2025 జూలై నాటికి 68 లక్షలమందికి పైగా వీధి వ్యాపారులకు 96 లక్షలకు పైగా రుణాలిచ్చారు. ఆ ఏడాది ఆగస్టులో పథకాన్ని 2030 మార్చి 31 వరకు పొడిగించి, మొదటి అప్పును 15 వేలకు, రెండోదాన్ని 25 వేలకు పెంచారు. మూడోది 50 వేలే. కాబట్టి మీ వీధిలో కూరగాయలమ్మే ఆవిడకు ఈ సంగతి తెలియకపోతే మీరు చెప్పండి. బేరమాడేటప్పుడు రెండు రూపాయలు తగ్గించమని అడుగుతాం కదా, ఆ చేత్తోనే తెల్లకాగితం మీద ఒక అర్జీ రాసిపెట్టండి. ఆమె ఫైనాన్స్‌కు కట్టే వడ్డీ తగ్గుతుంది.

అయితే ఒక్కమాట. అప్పు ఎంత చవకగా వచ్చినా అప్పే. సరుకు కొనడానికైతే తీసుకోండి. పెళ్లికి చదివింపులకో, కొత్త టీవీకో అయితే ఆ దరఖాస్తు జోలికే వెళ్లకండి. వ్యాపారం కోసం తెచ్చిన డబ్బు వ్యాపారంలోనే తిరిగితే వాయిదా దానంతట అదే తీరుతుంది. రెండోసారి బ్యాంకుకు వెళ్లినప్పుడు మేనేజరుకు మీ పేరు గుర్తుంటుంది.