మాత్రల డబ్బా ఎక్కడ దాచాలి?

భర్త ఎయిడ్స్‌తో చనిపోయాక అత్తింటివాళ్లు గెంటేస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన పాతికేళ్ల అమ్మాయి కృష్ణా డెల్టాలో పనిచేసే కార్యకర్తలకి కొత్త కాదు. ఆ భర్తకి వైరస్ ఎలా సోకిందంటే లారీల కథో, సెక్స్‌వర్కర్ల కథో చెప్పుకుంటాం. అతనికి మగవాళ్లతో కూడా సంబంధాలు వుండొచ్చన్న మాట ఆ కథల్లో వినపడదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా 377వ సెక్షన్ కింద అది నేరం. నోరు విప్పి చెప్పేదెవరు?

అలాంటి మగవాళ్ల కోసం ఇప్పుడొక మాత్ర వుంది. ప్రెప్ అంటున్నారు. హెచ్ఐవి లేనివాళ్లు అది సోకకుండా ముందుజాగ్రత్తగా వేసుకునేది. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ అనే రెండు మందుల కలయిక. అమెరికా 2012లో అనుమతించింది. ప్రమాదం ఎక్కువగా వున్నవాళ్లకి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మన నాకో మార్గదర్శకాలు 2022లో వచ్చాయి. క్రమం తప్పకుండా వేసుకుంటే లైంగిక సంబంధాల వల్ల హెచ్ఐవి సోకే ప్రమాదం దాదాపు వుండదు. మొదలుపెట్టేముందు హెచ్ఐవి లేదని తేలాలి, మూత్రపిండాల పనితీరు చూడాలి, మూడు నెలలకోసారి మళ్లీ హెచ్ఐవి పరీక్ష చేయించుకోవాలి. సిఫిలిస్ వంటివాటిని ఇది ఆపదు కనుక కండోమ్‌తో అవసరం తీరిపోదు. 2021 జాతీయ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్ వయోజనుల్లో హెచ్ఐవి 0.67 శాతం, దేశ సగటు 0.21. ఈ మాత్ర అవసరం మనకి ఎక్కువే.

మరి వేసుకోడానికి వాళ్లు సిద్ధంగా వున్నారా? వెంకటేశన్ చక్రపాణి బృందం చెన్నై, ముంబయిలలో ఇలాంటి పురుషులతో మాట్లాడి 2015లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఎవరికీ తెలియకుండా వాడుకోవచ్చు, కండోమ్ చిరిగినా భయపడనక్కర్లేదు అన్నది వాళ్లని ఆకర్షించింది. ఇంట్లో బయటపడుతుందేమో, హెచ్ఐవి వుందనుకుంటారేమో, తోటివాళ్లే తిరుగుబోతంటారేమో అన్నది వెనక్కి లాగింది.

ఈ భయం మన ఇళ్లకి అచ్చంగా సరిపోతుంది. టెనోఫోవిర్ హెచ్ఐవి చికిత్సలో కూడా వాడే మందే. ప్రభుత్వం 2004లో ఉచిత చికిత్స మొదలుపెట్టినప్పటినుంచి మాత్రల డబ్బాలు ఊళ్లకి చేరుతూనే వున్నాయి. గుడివాడ, అవనిగడ్డ పక్క పల్లెల్లో ఎవరింట్లో ఏ మందు వాడుతున్నారో పొరుగువాళ్లకి తెలియకుండా వుంటుందా? అమ్మ సర్దే బీరువా, భార్య ఉతికే చొక్కా జేబు, ఇంతే కదా అతనికున్న చోటు. (ఇంట్లో తనదంటూ ఒక అర లేకపోవడం ఆడవాళ్లకి కొత్త సంగతి కాదు.) రోగం లేకుండానే రోగి అన్న ముద్ర పడేకంటే మాత్ర మానేయడమే తేలిక.

పైగా ప్రాజెక్టులు వాడే పేర్లున్నాయి: కోతీ, పంతీ, డబుల్ డెక్కర్. కోతీగా గుర్తించిన మనిషి దగ్గరికి ఔట్‌రీచ్ వర్కర్ వెళ్తాడు. ఆటోనగర్‌లో వారమంతా పనిచేసి ఆదివారం ఊళ్లో భార్యాపిల్లల దగ్గరికెళ్లే మనిషి ఏ జాబితాలోకీ రాడు. తనని గే అని తనే అనుకోడు.

ఇక్కడ మన పాఠకుల్లో కొందరికి కోపం రావచ్చు. భార్యకి చెప్పకుండా మాత్ర మింగి తిరిగేవాడిని మహిళా సంఘం వెనకేసుకు రావాలా? తెలుసుకునే హక్కు ఆమెకి వుంది. పెళ్లి పేరుతో ఒక స్త్రీని తెరగా నిలబెట్టడం అన్యాయమే, అందులో పెళ్లి చేసి 'బాగుచేద్దామ'నుకున్న కుటుంబాల వాటా తక్కువేం కాదు. కానీ భార్యకి నిజం చెబితేనే మందిస్తామంటే అతను నిజమూ చెప్పడు, మందూ తీసుకోడు. దాని ఫలితం ముందు అనుభవించేది ఆమె. సమ్మతి, గోప్యతల విషయంలో 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో వున్న హెచ్ఐవి చట్టం స్ఫూర్తి అతనికీ వర్తించాలి. అంతమాత్రాన భార్యల్ని కాపాడటానికే ఈ మాత్ర అనడం కూడా మాకు సమ్మతం కాదు. పెళ్లికాని గే యువకుడి ఆరోగ్యానికి ఏ స్త్రీ క్షేమాన్నీ సాకుగా చూపించనక్కర్లేదు. మాత్ర దొరికితే విచ్చలవిడిగా తిరుగుతారన్న మాటంటారా, గర్భనిరోధక మాత్ర వచ్చినప్పుడు మనల్నీ అదే అన్నారు.

మందుల మీద మన ఉద్యమానికున్న అనుమానం వూరికే వచ్చింది కాదు. 1985లో పటాన్‌చెరులో అది ప్రయోగమని చెప్పకుండానే స్త్రీలకి నెట్-ఎన్ ఇంజెక్షన్లు ఇవ్వబోతే స్త్రీశక్తి సంఘటన అడ్డుకుంది, 1986లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆ జాగ్రత్త ఇప్పుడూ కావాలి. అయితే అక్కడ అడగనివాళ్లకి బలవంతంగా అంటగట్టబోయారు. ఇక్కడ కావాల్సినవాడు కొనలేకో, అడగలేకో వుండిపోతున్నాడు. కోల్‌కతాలో దర్బార్, మైసూరులో అశోదయ, రెండూ సెక్స్‌వర్కర్ల సొంత సంస్థలు. 2016-18 ప్రాంతంలో అవి నడిపిన ప్రాజెక్టుల్లో వెయ్యిమందికి పైగా స్త్రీలు ప్రెప్ వాడితే ఒక్కరికీ కొత్తగా హెచ్ఐవి సోకలేదు. సందేహాలు తీర్చింది తోటి స్త్రీలే.

ఆరు నెలలకొక్కసారి తీసుకునే లెనకాపవిర్ ఇంజెక్షన్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జులైలో సిఫార్సు చేసింది. డబ్బా దాచే బాధ దీంతో తప్పుతుంది. మన హైదరాబాదు కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో 2027 నుంచి దీన్ని ఏడాదికి 40 డాలర్లకి అందించడానికి 2025 సెప్టెంబరులో ఒప్పందాలు చేసుకున్నాయి. అందాకా చేతులు కట్టుకు కూర్చోలేం. మాత్రనైనా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇమ్మని జిల్లా అధికారులని అడగాల్సింది మనమే. చికిత్స తీసుకునేవాళ్ల వరసలో నిలబెట్టకుండా ఇవ్వాలి. చికిత్స మందులా కనపడని డబ్బాలో ఇవ్వాలి. భార్య తనంతట తను వచ్చి అడిగితే ఆమెకీ ఇవ్వాలి, నీ భర్త ఎలాంటివాడని ఆరా తీయకుండా. ఆటోనగర్‌లో షెడ్డు మూసేసరికి రాత్రి ఎనిమిదవుతుంది కనుక ఆ గది తొమ్మిదిదాకా తెరిచివుండాలి.